అడ్మిషన్ ఫారం ప్లగిన్ ద్వారా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి పీహెచ్‌పీ ఫైల్ వచ్చింది: దారి ఎక్కడుంది, మూసేదెలా?

గంటస్తంభం_వెబ్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరంలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల వెబ్‌సైట్ నిర్వహణ నేను చూస్తున్నాను. సైట్ వర్డ్‌ప్రెస్ మీద, షేర్డ్ హోస్టింగ్‌లో నడుస్తోంది. ఇంటర్‌లో చేరదలచిన విద్యార్థులు పదో తరగతి మార్కుల మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ నకలు ఆన్‌లైన్‌లోనే పంపేందుకు ఒక ఫారం ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు జోడించే అదనపు ప్రోగ్రామ్) పెట్టుకున్నాం. గజపతినగరం, చీపురుపల్లి, రాజాం వైపు తల్లిదండ్రులు ఎక్కువగా దగ్గరలోని నెట్ సెంటర్‌కు వెళ్లి, అక్కడే స్కాన్ చేయించి, అక్కడి నుంచే అప్‌లోడ్ చేయిస్తారు. వారికి బస్సు ఛార్జీతో పాటు ఒక రోజు కూలి కూడా మిగులుతోంది కాబట్టి, ప్రవేశాల సమయంలో ఈ ఫారాన్ని పూర్తిగా తీసేయడానికి మాకు మనసొప్పడం లేదు.

ఇటీవల మా అధ్యాపకుడొకరు గూగుల్‌లో కళాశాల పేరు వెతికితే, మా పేరు కిందనే జపనీస్ అక్షరాలతో బ్యాగులు, బూట్లు అమ్మే పేజీలు కనిపించాయి. సైట్‌ను నేరుగా తెరిస్తే మాత్రం అంతా మామూలుగానే ఉంది. సీప్యానెల్‌లో (హోస్టింగ్ నియంత్రణ పేజీలో) అప్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడగా, మార్కుల మెమోల స్కాన్‌ల మధ్య ‘పీహెచ్‌టీఎంఎల్’ ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైల్ దొరికింది. దాని మొదటి వరుసలో ‘జీఐఎఫ్89ఏ’ (జిఫ్ బొమ్మ ఫైళ్ల మొదట ఉండే గుర్తు) అని ఉంది. ఆ వెంటనే పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) కోడ్ మొదలవుతోంది. యాక్సెస్ లాగ్‌లో ఆ ఫైల్ పేరు వెతికితే ఒకే ఐపీ నుంచి వరుసగా మూడు రిక్వెస్టులు కనిపించాయి: ముందు ప్లగిన్ ఫోల్డర్‌లోని రీడ్‌మీ ఫైల్‌కు ఒక గెట్ (ఫైల్ అడిగే రిక్వెస్ట్), ఆ తర్వాత అడ్మిన్-అజాక్స్‌కు (ప్లగిన్లు వెనుక నుంచి రిక్వెస్టులు అందుకునే వర్డ్‌ప్రెస్ ఫైల్) ఒక పోస్ట్ (డేటా పంపే రిక్వెస్ట్), చివరగా ఈ కొత్త ఫైల్‌కు ఒక గెట్. మూడింటికీ 200 (రిక్వెస్ట్ సఫలం) అనే జవాబే వెళ్లింది. ఆ ఐపీ మా ఫారం పేజీని ఒక్కసారి కూడా తెరవలేదు.

ప్లగిన్ సెట్టింగ్స్‌లో జేపీజీ, పీఎన్‌జీ, పీడీఎఫ్ మాత్రమే అనుమతించి ఉన్నాయి. అటువంటప్పుడు ఈ ఫైల్ లోపలికి ఎలా రాగలిగింది? దాన్ని తొలగించి, ప్లగిన్‌ను అప్‌డేట్ చేస్తే సరిపోతుందా? ఫారాన్ని కొనసాగిస్తూనే ఇలాంటిది మళ్లీ జరగకుండా చూసుకునే మార్గం ఉంటే దయచేసి తెలియజేయండి.

నాగావళి_డెవ్ (శ్రీకాకుళం)

గంటస్తంభం గారూ, మీ లాగ్‌లోని ఆ మూడు వరుసల్లోనే జరిగినదంతా ఉంది. రీడ్‌మీ ఫైల్‌లో ‘స్టేబుల్ ట్యాగ్’ అనే వరుస చదివితే మీ దగ్గర ఉన్న ప్లగిన్ ఏ వెర్షనో తెలిసిపోతుంది. లోపం ఉన్న వెర్షన్ అని తేలగానే వారు మీ ఫారం పేజీ జోలికి రాకుండా, ఫారం వెనుక ఫైళ్లు అందుకునే చిరునామాకే నేరుగా పంపారు. సెట్టింగ్స్‌లో మీరు పెట్టిన నియమాన్ని చాలా ప్లగిన్లు బ్రౌజర్‌లోనే అమలు చేస్తాయి. సర్వర్‌లో మళ్లీ పరీక్షించవు, పరీక్షించినా అరకొరగా పరీక్షిస్తాయి. బ్రౌజర్‌నే వాడని వ్యక్తికి ఆ నియమం అడ్డే కాదు.

నేను ప్లగిన్లు రాస్తూ జీవిస్తున్నవాణ్ని. ఇతరుల ప్లగిన్ కోడ్ చూడవలసి వచ్చినప్పుడు అప్‌లోడ్ భాగాన్నే ముందుగా చదువుతాను. అక్కడ మొదట చూడవలసింది ఫైల్ రకం కాదు, పంపుతున్నది ఎవరన్నది. వర్డ్‌ప్రెస్‌లో ‘నోప్రివ్’ అనే మాటతో నమోదైన అజాక్స్ చర్యను లాగిన్ కాని వారెవరైనా పిలవవచ్చు. మీది ప్రజలందరి కోసం పెట్టిన ఫారం కాబట్టి అది తప్పదు; కానీ అడ్మిన్ మాత్రమే వాడవలసిన అప్‌లోడ్‌ను కూడా ఇలా తెరిచి ఉంచిన ప్లగిన్లు ఉన్నాయి. 2014 జులైలో మెయిల్‌పొయెట్ అనే ప్లగిన్‌లో బయటపడిన లోపం ఈ కోవలోదే. ‘అడ్మిన్ ఇనిట్’ అనే హుక్ (ఒక నిర్ణీత దశలో ప్లగిన్ కోడ్‌ను నడిపించే ఏర్పాటు) అడ్మిన్ పేజీలో ఉన్నవారికే పనిచేస్తుందని ఆ ప్లగిన్ రాసినవారు భావించారు. నిజానికి లాగిన్ కానివారు అడ్మిన్-అజాక్స్‌కో అడ్మిన్-పోస్ట్‌కో రిక్వెస్ట్ పంపినా ఆ హుక్ నడుస్తుంది. దాంతో ఎవరైనా సరే థీమ్ ఫైల్ పేరుతో తమ కోడ్‌ను ఎక్కించగలిగారు. 2.6.7 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. ‘ఈజ్ అడ్మిన్’ అనే ఫంక్షన్ విషయంలోనూ ఇదే పొరపాటు నేటికీ కనిపిస్తోంది: అది పేజీ అడ్మిన్ భాగానిదా కాదా అని మాత్రమే చెబుతుంది, మనిషి అడ్మినా కాదా అని చెప్పదు. నాన్స్ (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని చూపే తాత్కాలిక గుర్తు) తనిఖీ ఉంటే చాలనుకోవడమూ సరికాదు. బహిరంగ పేజీలో ముద్రించిన నాన్స్‌ను ఆ పేజీ తెరిచిన వారెవరైనా చదువుకోగలరు; అధికారాన్ని తేల్చేది, యూజర్ హక్కును పరీక్షించే ‘కరెంట్ యూజర్ క్యాన్’ ఫంక్షన్ ఒక్కటే.

ఇక ఫైల్ రకం సంగతి. పంపే బ్రౌజర్ ‘ఇది ఇమేజ్/జిఫ్’ అని చెప్పుకునే మాటను నమ్మడం మొదటి బలహీనత, ఎందుకంటే ఆ మాటను పంపేవారు తమకు నచ్చినట్టు రాసుకోవచ్చు. ఫైల్ మొదట్లోని కొన్ని బైట్లు మాత్రమే చూడడం రెండోది. మీకు దొరికిన ఫైల్ ‘జీఐఎఫ్89ఏ’తో మొదలైంది ఆ తనిఖీని దాటడానికే. పీహెచ్‌పీ ఇంజిన్‌కు ఆ ఆరు అక్షరాలు అడ్డు కావు. వాటిని ఉన్నవి ఉన్నట్టు బయటికి పంపి, ఆ తర్వాతి కోడ్‌ను నడుపుతుంది. నిషేధిత జాబితా మీద ఆధారపడడం మూడోది: ‘పీహెచ్‌పీ’ని అడ్డుకుని పీహెచ్‌టీఎంఎల్, పీహెచ్‌ఏఆర్, పీహెచ్‌పీ5 లాంటి వాటిని వదిలేసిన జాబితాలను నేను చాలా చూశాను. మీ సైట్‌లో జరిగింది కూడా ఇదేనని నా అంచనా. అనుమతించే రకాలనే జాబితాగా రాసుకుని, మిగిలినవన్నీ తిరస్కరించాలి.

తనిఖీ ఉన్నా, అది జరిగే క్రమం తప్పితే ప్రయోజనం లేదు. 2023 ఆగస్టులో ఫార్మినేటర్ అనే ఫారం ప్లగిన్‌లో వెల్లడైన లోపం, అంటే సీవీఈ-2023-4596 (సీవీఈ అంటే బహిరంగంగా తెలిసిన భద్రతా లోపాలకు ఇచ్చే నంబరు), అలాంటిది. ఫైల్‌ను ముందు సర్వర్‌లో పెట్టి, ఆ తర్వాత రకం పరీక్షించేవారు. తిరస్కరించినా ఫైల్ అక్కడే ఉండిపోయేది. 1.25.0 వెర్షన్‌తో అది పోయింది. మరికొన్నిసార్లు ప్లగిన్ రచయిత సొంత కోడ్‌లో దోషం ఉండదు. డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో 2020 సెప్టెంబరులో వచ్చిన ఉపద్రవానికి కారణం, అందులో కలిపిన ఎల్‌ఫైండర్ అనే లైబ్రరీతో వచ్చిన ఒక నమూనా ఫైల్. నడవకుండా ఉండాలని చివర ‘డిస్ట్’ అని ఇచ్చిన ఆ ఫైల్ పేరును పీహెచ్‌పీగా మార్చి ప్లగిన్‌లో ఉంచారు. లాగిన్ అవసరం లేకుండానే దాని ద్వారా ఎవరైనా ఫైళ్లు ఎక్కించగలిగారు. అప్పటికి ఆ ప్లగిన్ 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది.

వర్డ్‌ప్రెస్ కోర్‌లోనే రకం పరీక్షించి, పేరు శుభ్రం చేసి, భద్రపరిచే ‘డబ్ల్యూపీ హ్యాండిల్ అప్‌లోడ్’ ఫంక్షన్ ఉండగా, దాన్ని పక్కనపెట్టి పీహెచ్‌పీ వారి ‘మూవ్ అప్‌లోడెడ్ ఫైల్’ను నేరుగా పిలిచే ప్లగిన్‌ను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మీ ప్లగిన్ కోడ్‌లో ఆ పేరు వెతకండి. దొరికితే, దాని చుట్టూ ఉన్న తనిఖీలు ఏమిటో ఇక్కడ పెట్టండి, చూద్దాం.

సర్వర్‌గది (విజయనగరం)

పైన నాగావళి గారు చెప్పినదంతా సరైనదే. అయితే ప్లగిన్ కోడ్ చదివి బాగుచేయడం మీ చేతిలో లేని పని. రేపు దాని తదుపరి వెర్షన్‌లో మరో లోపం రావచ్చు. మీ చేతిలో ఉన్నది ఫోల్డర్. తనిఖీలన్నీ విఫలమై పీహెచ్‌పీ ఫైల్ అప్‌లోడ్స్‌లోకి వచ్చినా, ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకపోతే అది చదవడానికి తప్ప దేనికీ పనికిరాని పాఠ్యంగా పడి ఉంటుంది. అందుకే నేను ఏ సైట్ బాధ్యత తీసుకున్నా ఈ పనే మొదట చేస్తాను.

మీ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ గాని లైట్‌స్పీడ్ గాని అయితే, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక ‘డాట్ హెచ్‌టీయాక్సెస్’ ఫైల్ (ఆ ఫోల్డర్‌కు సర్వర్ పాటించవలసిన నియమాల ఫైల్) పెట్టి, పీహెచ్‌పీ కుటుంబానికి చెందిన ఎక్స్‌టెన్షన్లన్నిటికీ ‘రిక్వైర్ ఆల్ డినైడ్’ (ఎవరికీ ఇవ్వవద్దు) వర్తించేలా ఒక ‘ఫైల్స్‌మ్యాచ్’ నియమం రాయండి. ఎక్స్‌టెన్షన్ పేరు చివరనే ఉంటుందనుకోవద్దు. కొన్ని సర్వర్లలో ‘యాడ్‌హ్యాండ్లర్’ అమరిక వల్ల ‘మెమో డాట్ పీహెచ్‌పీ డాట్ జేపీజీ’ అనే ఫైల్ కూడా పీహెచ్‌పీగా నడుస్తుంది కాబట్టి, నియమం పేరు మధ్యలో ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను కూడా పట్టుకునేలా ఉండాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఆ ఫైల్ పెట్టామన్న ధీమా ఒక్కటే చాలదు, సర్వర్ దాన్ని చదువుతోందో లేదో చూసుకోవాలి. అపాచీ 2.3.9 నుంచి ‘అలౌ ఓవర్‌రైడ్’ మూల అమరిక ‘నన్’గా మారింది, సర్వర్ నిర్వాహకుడు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను అపాచీ పట్టించుకోదు. బ్లూఇంప్ వారి జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ అనే సాధనం తన రక్షణ మొత్తాన్ని హెచ్‌టీయాక్సెస్ మీదే ఉంచింది. ఆ మార్పు తర్వాత ఏళ్ల తరబడి అది అరక్షితంగానే ఉండిపోయిందని 2018 అక్టోబరులో అకమాయ్ సంస్థకు చెందిన భద్రతా పరిశోధకుడు లారీ క్యాష్‌డాలర్ వెల్లడించారు. దాని నంబరు సీవీఈ-2018-9206. ఎంజినెక్స్ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్‌లోనైతే హెచ్‌టీయాక్సెస్‌కు అర్థమే లేదు. ప్రధాన కాన్ఫిగరేషన్‌లోనే అప్‌లోడ్స్ కింద పీహెచ్‌పీని నిరాకరించే లొకేషన్ నియమం ఉండాలి. షేర్డ్ హోస్టింగ్‌లో మీరు ఆ ఫైల్ ముట్టుకోలేరు కాబట్టి హోస్టింగ్ వారికి టికెట్ పెట్టి చేయించుకోవాలి.

ఇక మీ రెండో ప్రశ్న. దొరికిన ఫైల్‌ను తొలగిస్తే సరిపోదు. పైగా, ఇప్పుడే తొలగించకండి. ముందుగా సైట్ మొత్తానికీ, డేటాబేస్‌కూ, లాగ్‌లకూ నకలు తీసి మీ కంప్యూటర్‌లో భద్రపరచండి. షేర్డ్ హోస్టింగ్‌లో పాత లాగ్‌లు త్వరగా చెరిగిపోతాయి. ఇంట్లోకి వచ్చిన దొంగ వెళ్లేముందు తాళంచెవికి నకలు చేయించుకున్నట్టు, ఇలా వచ్చినవారు మరో రెండు మూడు చోట్ల దారి పెట్టుకునే వెళ్తారు. ‘ఎంయూ-ప్లగిన్స్’ ఫోల్డర్ చూడండి. అందులోని ఫైళ్లు యాక్టివేట్ చేయకుండానే నడుస్తాయి, మామూలు ప్లగిన్ల జాబితాలో కనిపించవు. ‘డబ్ల్యూపీ-కాన్ఫిగ్’ మొదటి వరుసలూ చివరి వరుసలూ, మూల ఫోల్డర్‌లోని ‘ఇండెక్స్’ ఫైల్, హెచ్‌టీయాక్సెస్, క్రాన్ జాబ్‌లు (నిర్ణీత వేళకు వాటంతటవే నడిచే పనులు), అడ్మిన్ హక్కులున్న యూజర్ల జాబితా కూడా చూడాలి. జపనీస్ పేజీలు మీకు కనిపించకుండా గూగుల్‌కు మాత్రమే కనిపిస్తున్నాయంటే, సందర్శకుడు గూగుల్ బాటా కాదా అని చూసే కోడ్ ఈ ఫైళ్లలోనే ఎక్కడో ఉంటుంది. సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో సైట్ ఎలా కనిపిస్తోందో యజమానికి చూపే సాధనం) మీకు తెలియని ఓనర్ ఎవరైనా చేరారేమో, కొత్త సైట్‌మ్యాప్ పెట్టారేమో తప్పకుండా చూడండి. సైట్ శుభ్రమయ్యాక కూడా ఆ ఓనర్ అక్కడే మిగిలిపోవడం సాధారణంగా జరిగేదే.

డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (ఆదేశాలు టైప్ చేసి వర్డ్‌ప్రెస్‌ను నడిపే సాధనం) అందుబాటులో ఉంటే, కోర్‌కూ ప్లగిన్లకూ ‘వెరిఫై చెక్‌సమ్స్’ ఆదేశం ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లోని అసలు ఫైళ్లతో పోల్చి, మారినవాటినీ అదనంగా ఉన్నవాటినీ చూపిస్తుంది. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్లకు ఇది పనిచేయదు. వాటిని తీసేసి కొత్త కాపీ వేసుకోవడమే మేలు. ఆ తర్వాత డేటాబేస్ పాస్‌వర్డ్, సీప్యానెల్, ఎఫ్‌టీపీ, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, కాన్ఫిగ్‌లోని సాల్ట్‌లు (లాగిన్ కుకీలకు రక్షణగా ఉండే రహస్య అక్షరమాలలు) అన్నీ మార్చండి. సాల్ట్‌లు మారితే అప్పటివరకు లాగిన్ అయి ఉన్నవారందరూ బయటికి వచ్చేస్తారు. అదే ఖాతాలో కళాశాలకు చెందిన వేరే సైట్లేమైనా ఉంటే వాటినీ ఇదే పద్ధతిలో చూడవలసిందే.

వంశధార_ఆఫీసు (శ్రీకాకుళం)

నేను ప్రోగ్రామర్‌ను కాను. ఒక కళాశాల కార్యాలయంలో ప్రవేశాల పని చూస్తాను. మీ ఇద్దరి వివరణలూ శ్రద్ధగా చదివాను. మీ చర్చంతా బయటి ఫైల్ లోపలికి ఎలా వచ్చిందన్న దాని చుట్టూనే తిరుగుతోంది. లోపల ఉన్న ఫైళ్లు బయటికి ఎలా పోతున్నాయన్నది కూడా ఇదే ఫోల్డర్ సమస్య అని నాకు అనిపిస్తోంది.

గంటస్తంభం గారూ, ఒక విద్యార్థి పంపిన మెమో స్కాన్ చిరునామాను కాపీ చేసి, లాగిన్ లేని మరో ఫోన్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటే, ఆ చిరునామా తెలిసిన ఎవరికైనా తెరుచుకుంటుందన్నమాట. సంవత్సరం, నెల పేరుతో ఫోల్డర్లు, నెట్ సెంటర్ స్కానర్ ఇచ్చే ‘స్కాన్0001’ లాంటి పేర్లు ఉన్నప్పుడు చిరునామాను ఊహించడం కష్టం కాదు. డైరెక్టరీ లిస్టింగ్ తెరిచి ఉంటే ఆ ఊహ కూడా అక్కర్లేదు. మన దగ్గర చేరేవారిలో చాలామంది పదహారేళ్ల పిల్లలు. వారి పుట్టిన తేదీ, కులం, తండ్రి పేరు, ఆధార్ సంఖ్య అన్నీ ఒకే చోట దొరకడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది.

ప్రవేశ దరఖాస్తు దశలోనే ఆధార్ నకలు ఎందుకు అడుగుతున్నామో యాజమాన్యాలు ఒకసారి ఆలోచించాలని నా విన్నపం. తప్పనిసరి అయితే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగవచ్చు. చేరికల సమయంలో ఒరిజినల్స్ మనం చూసే తీరుతాం కదా. పరిశీలన పూర్తయిన స్కాన్‌లను సర్వర్ నుంచి తొలగించే అలవాటు కూడా ఉండాలి.

గంటస్తంభం_వెబ్ (విజయనగరం)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వంశధార గారు చెప్పినట్టే ఒక స్కాన్‌ను వేరే ఫోన్‌లో తెరిచి చూశాను, తెరుచుకుంది. ఫారాన్ని వెంటనే నిలిపివేసి, ఆ స్థానంలో కార్యాలయం ఫోన్ నంబరు పెట్టాను. నకళ్లు తీసుకున్నాను. ‘ఎంయూ-ప్లగిన్స్’లో మేము పెట్టని ఒక ఫైల్ ఉంది. సెర్చ్ కన్సోల్‌లోనూ తెలియని ఓనర్ ఒకరు ఉన్నారు. ప్లగిన్ కోడ్‌లో నాగావళి గారు చెప్పిన ‘మూవ్ అప్‌లోడెడ్ ఫైల్’ కనిపించింది. దాని పైన ఉన్న తనిఖీ ఒక్కటే: పేరు చివర ‘పీహెచ్‌పీ’ ఉందా లేదా అన్నది.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఫారాన్ని మళ్లీ తెరిచేముందు స్కాన్‌లను ఎక్కడ దాచాలి? వచ్చిన బొమ్మను సర్వర్‌లో మళ్లీ కొత్తగా తయారుచేసి దాచుకుంటే అందులోని కోడ్ పోతుందని ఎక్కడో చదివాను, అది నిజమేనా? వీటితో పాటు, ఈ సంఘటనను మేము ఎవరికైనా తెలియజేయవలసి ఉందా?

నాగావళి_డెవ్ (శ్రీకాకుళం)

అలాంటి ప్లగిన్‌ను అప్‌డేట్ చేసి కొనసాగించడం కంటే తీసేయడమే మంచిది. డీయాక్టివేట్ చేస్తే చాలదు, ఫోల్డర్‌తో సహా తొలగించండి. ప్లగిన్ ఆగిపోయినా దాని ఫోల్డర్‌లోని పీహెచ్‌పీ ఫైళ్లను నేరుగా పిలిచే వీలు అలాగే ఉంటుంది. డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్‌లో దాడి జరిగింది అలా నేరుగా పిలిచిన ఫైల్‌తోనే.

బొమ్మను జీడీ, ఇమేజ్‌మ్యాజిక్ లాంటి బొమ్మల లైబ్రరీతో తెరిచి కొత్త జేపీజీగా రాస్తే, వ్యాఖ్యల్లోనో ఎగ్జిఫ్‌లోనో (ఫొటో వివరాలు ఉండే భాగం) దాచిన కోడ్ సాధారణంగా పోతుంది. పిక్సెళ్లలోనే కోడ్ మిగిలేలా బొమ్మను తయారుచేయగల నేర్పరులు ఉన్నారు కాబట్టి దీన్ని అదనపు రక్షణగానే చూడండి. తెరిచే లైబ్రరీలోనూ లోపాలు ఉండవచ్చు; 2016లో ‘ఇమేజ్‌ట్రాజిక్’ పేరుతో వచ్చిన సీవీఈ-2016-3714 ఇమేజ్‌మ్యాజిక్‌దే. పీడీఎఫ్‌కు ఈ పద్ధతి కుదరదు. ఎస్‌వీజీని (పాఠ్యంగా రాసే బొమ్మ రకం) మాత్రం అసలు అనుమతించకండి. అందులో జావాస్క్రిప్ట్ పెట్టవచ్చు. అడ్మిన్ లాగిన్‌తో మీరు ఆ బొమ్మ తెరిచిన క్షణంలో అది మీ పేరు మీద నడుస్తుంది.

సర్వర్‌గది (విజయనగరం)

దాచే చోటు విషయంలో నా సలహా ఇది. సీప్యానెల్‌లో ‘పబ్లిక్ హెచ్‌టీఎంఎల్’కు పైన, అంటే వెబ్ నుంచి చిరునామాయే లేని చోట, ఒక ఫోల్డర్ పెట్టండి. ప్రతి ఫైల్‌కూ సర్వర్ సొంతంగా యాదృచ్ఛిక పేరు ఇవ్వాలి. పంపినవారు పెట్టిన పేరును డేటాబేస్‌లో మాత్రమే ఉంచాలి. కార్యాలయ సిబ్బంది లాగిన్ అయ్యాక, వారి హక్కును పరీక్షించి, ఒక చిన్న స్క్రిప్ట్ ఆ ఫైల్‌ను ‘అటాచ్‌మెంట్’ హెడర్‌తో (బ్రౌజర్ తెరవకుండా డౌన్‌లోడ్ చేసేలా), ‘నోస్నిఫ్’ హెడర్‌తో (ఫైల్ రకాన్ని బ్రౌజర్ సొంతంగా ఊహించకుండా) అందించాలి. ఈ సౌకర్యం ఉన్న ఫారం ప్లగిన్లనే చూడండి. బ్యాకప్‌లలో కూడా ఈ స్కాన్‌లు ఉంటాయి కాబట్టి తొలగించేటప్పుడు వాటినీ గుర్తుంచుకోండి.

తెలియజేయడం గురించి: సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కార్పొరేట్ సంస్థలు, ప్రభుత్వ సంస్థలు ఇలాంటి సంఘటనలను గమనించిన 6 గంటల లోపు తెలపాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. మీ యాజమాన్యంతో మాట్లాడి ఆ నివేదికను ఈ రోజే ఈమెయిల్‌లో పంపించండి, హోస్టింగ్ వారికీ లాగ్ వరుసలతో సహా తెలపండి. స్కాన్‌లు బయటికి తెరిచి ఉన్నాయని మీకు రుజువైంది కాబట్టి, పత్రాలు పంపిన తల్లిదండ్రులకు కూడా కళాశాల తరఫున ఫోన్ చేసి చెప్పించడం న్యాయం.

ఫారం తిరిగి తెరిచేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ‘నమస్కారం’ అని మాత్రమే ముద్రించే పీహెచ్‌పీ ఫైల్‌ను సీప్యానెల్ ద్వారా మీరే అప్‌లోడ్స్‌లో పెట్టి బ్రౌజర్‌లో తెరవండి. 403 (అనుమతి లేదు) రావాలి. ‘నమస్కారం’ కనిపిస్తే నియమం పనిచేయడం లేదు, కోడ్ పాఠ్యంగా కనిపిస్తే నియమం సగమే పనిచేస్తోంది. పీహెచ్‌టీఎంఎల్ పేరుతోనూ, రెండు ఎక్స్‌టెన్షన్లున్న పేరుతోనూ, ఏదైనా ఒక నెల ఉపఫోల్డర్‌లోనూ ఇదే చేసి, ఆ ఫైళ్లన్నీ తొలగించాక ఫలితం ఇక్కడ రాయండి.